అటక మీద చెక్క ప్రొపెల్లర్ దొరికింది, ఏ విమానానిదో ఏ కాలందో తేల్చడం ఎలా?

రాజోలు_లంక:
అందరికీ నమస్కారం. మా పాత మండువా ఇల్లు విప్పిస్తున్నాం. అటక ఖాళీ చేస్తుంటే చాపల కింద చెక్కతో చేసిన విమానం ప్రొపెల్లర్ బయటపడింది. రెండు రెక్కలు, ఈ కొస నుంచి ఆ కొసకి 6 అడుగుల 5 అంగుళాలు. ముదురు ఎరుపు కలిసిన గోధుమ రంగు. కొసలకీ ఒక అంచుకీ ఇత్తడి రేకు తొడిగి రివిట్లు కొట్టారు, ఒక కొసన రేకు లేచి కింద చెక్క చీలింది. నడుమ పెద్ద రంధ్రం, దాని చుట్టూ ఎనిమిది చిన్న రంధ్రాలు. పెద్ద రంధ్రంలో ఎవరో ఆగిపోయిన గడియారం ఒకటి బిగించారు.

1942లో కాకినాడ మీద బాంబులేసిన జపాన్ విమానానిదని మా నాయనమ్మ చెప్పేది. మా పెదనాన్న మాత్రం, చిన తాతయ్య మద్రాసులో ఉద్యోగం చేసి వస్తూ తెచ్చారని అంటారు. ఆయన ఏం ఉద్యోగం చేశారో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలీదు. ఇత్తడి చింతపండుతో తోమించి, చెక్కకి సాండ్ పేపర్ పట్టించి వార్నిష్ వేయించి కొత్త ఇంటి హాల్లో పెడదామని మా వాళ్ల ఆలోచన. ఆ పని మొదలెట్టే లోపు తెలిసినవాళ్లు ఎవరైనా చూసి చెప్పండి.

పాలకొల్లు_చెక్కపని:
బాబూ, ముందు ఆ చింతపండు పక్కన పెట్టించు. సాండ్ పేపర్ అసలే వద్దు. ఇలాంటి వస్తువు మీద ఎక్కడో అక్షరాలు గుద్ది ఉంటాయి. చాలా లోతు తక్కువ, మా పనిలో నంబర్లు గుద్దే ఉక్కు అచ్చుల్లాంటి వాటితోనే గుద్దుతారు. రెండుసార్లు గరుకు కాగితం పట్టిస్తే అవి శాశ్వతంగా పోతాయి. చింతపండు పులుపు రివిట్ల సందుల్లోంచి రేకు కిందకి దిగితే చెక్క నల్లబడుతుంది, రేకు లోపలి నుంచి పచ్చచిలుం పడుతుంది. ఎన్నో పాత భోషాణాల ఇత్తడి అలాగే పాడైంది. ప్రస్తుతానికి మెత్తటి పొడిగుడ్డతో దుమ్ము దులిపి వదిలెయ్.

గాలిమర_రాజమండ్రి:
పాలకొల్లు గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను విమానాల మెయింటెనెన్స్‌లో పని చేసి రిటైరయ్యాను. మా సీనియర్లు చెక్క ప్రొపెల్లర్ల మీదే పని నేర్చుకున్నవాళ్లు, వాళ్ల దగ్గర విన్నదీ చేత్తో పట్టి చూసిందీ చెబుతాను.

ముందు జపాన్ సంగతి. 1942 ఏప్రిల్ 6న కాకినాడ, విశాఖ మీద బాంబులు పడ్డ మాట వాస్తవం. ఆ విమానాలు బంగాళాఖాతంలో ఉన్న ర్యుజో అనే విమానవాహక నౌక నుంచి లేచాయి. దాని మీది బాంబర్లకి ఉన్నవి మూడు రెక్కల లోహపు ప్రొపెల్లర్లు. మీ దగ్గరున్నది చెక్కది, రెండు రెక్కలది. మీ నాయనమ్మగారు ఆ రోజుల భయం చూసినవారు, ఇంట్లో ఒక విమానం ముక్క ఉంటే ఆ కథ దానికి చుట్టుకోవడం సహజమే. కానీ వస్తువు ఆ మాట ఒప్పుకోవడం లేదు.

ఇక దీన్ని గుర్తుపట్టాలంటే రెక్కల కన్నా ముందు నడిబొడ్డు చూడాలి, హబ్ అంటాం. సమాచారం అంతా అక్కడే ఉంటుంది. గడియారాన్ని జాగ్రత్తగా, స్క్రూలు విప్పి మాత్రమే తీయండి, స్క్రూడ్రైవర్‌తో పెళ్లగించవద్దు. తర్వాత చీకట్లో టార్చిని హబ్ పక్కన ఆనించి, వెలుతురు చెక్క మీద పక్కవాటుగా పాకేలా పట్టండి. ఎదురుగా కొడితే కనపడని గుర్తులు ఇలా పడితే లేచి కనిపిస్తాయి. పల్చటి కాగితం వేసి పెన్సిల్ సీసం అడ్డంగా రుద్దితే ఇంకా మంచిది. హబ్ ముందు ముఖం, వెనక ముఖం, పక్కలు, రెక్కల మొదళ్లు, అన్నీ రుద్దండి. అక్షరం సగమే వచ్చినా పారేయకండి.

కాకినాడ_రేవు:
గాలిమర గారూ, జపాన్ విమానం కాదన్నారు సరే, మన వైపు చెక్క ప్రొపెల్లర్ల విమానాలు ఉండేవా అసలు? యుద్ధం నాటికి అన్నీ లోహమే అనుకున్నాను.

గాలిమర_రాజమండ్రి:
చాలా ఉండేవండి. భారత వైమానిక దళం మొదటి స్క్వాడ్రన్ 1933 ఏప్రిల్ 1న కరాచీ డ్రిగ్ రోడ్‌లో నాలుగు వెస్ట్‌లాండ్ వాపిటీలతో మొదలైంది, వాటివి చెక్కవే. అంతకుముందు మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక బ్రిటన్ తన దగ్గర మిగిలిపోయిన విమానాల్లో వంద ఇండియాకి ఇచ్చింది, డిహెచ్9లు, ఆవ్రో 504లు, అవీ చెక్క ప్రొపెల్లర్లవే. తర్వాత ఫ్లయింగ్ క్లబ్బుల్లో మాత్‌లు, టైగర్ మాత్‌లు అనే చిన్న విమానాలు. యుద్ధంలో అమెరికన్లు తెచ్చిన ఎల్-5 లాంటి చిన్న విమానాలకీ చెక్కే. ఇంకో మాట, స్పిట్‌ఫైర్, హరికేన్‌లలో కొన్నిటికి రోటోల్ కంపెనీ రెక్కలు ఒత్తిడితో గట్టిపరిచిన చెక్కతో చేసినవే, కాకపోతే అవి ఒంటి రెక్కలు, రెక్క మొదలుకి లోహపు తొడుగు ఉంటుంది, రెండు రెక్కలూ కలిపి ఒకే దుంగలా ఉండవు. కాబట్టి చెక్క కనపడగానే మొదటి ప్రపంచ యుద్ధం నాటిదనీ, యుద్ధ విమానానిదనీ అనుకోవడానికి లేదు. చిన్న విమానాలకి ఈ రోజుకీ చెక్క ప్రొపెల్లర్లు చేస్తున్నారు.

భీమవరం_ఎర్రకాలువ:
ఇదే మాట నన్నూ వేధిస్తోంది. ఆన్‌లైన్‌లో ఒక దుకాణం దగ్గర మా రెస్టారెంట్ గోడకని ప్రొపెల్లర్ కొన్నాను. ‘1917 రాయల్ ఫ్లయింగ్ కోర్’ అని, అంటే మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ వైమానిక దళం పేరు, కాల్చి రాసి ఉంది. అసలుదని నమ్మబలికి బాగానే డబ్బు తీసుకున్నారు, ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. ఫోటోలు పెట్టాను, చూడండి.

పాలకొల్లు_చెక్కపని:
మూడో ఫోటో చూడండి. కొస రేకుకి కొట్టిన స్క్రూల తల మీద ప్లస్ గుర్తు ఉంది. ఆ రకం స్క్రూలు 1930ల మధ్యలో వాడకంలోకి వచ్చాయి. 1917లో ఎలా కొడతారు? రెండోది, ఇది ఒకే చెక్కలో తీసింది, అతుకుల పొరలు లేవు, పైన గీతలు గీసి పొరల్లా రంగు వేశారు. కొస దగ్గర గీత తిన్నగా పోతోంది, నిజంగా పొరలైతే రెక్క మెలిక తిరిగే కొద్దీ ఆ గీతలు వంపు తిరిగి, గుట్ట మీద వరిమళ్ల గట్లలా ఒకదాని కింద ఒకటి దిగుతాయి.

గాలిమర_రాజమండ్రి:
ఇంకా రెండు చూడండి భీమవరం గారూ. రెక్క వెనక వైపు దాదాపు చదునుగా, ముందు వైపు ఉబ్బెత్తుగా ఉండాలి, ఒక అంచు మందంగా గుండ్రంగా, రెండో అంచు పల్చగా ఉండాలి. మీది రెండు వైపులా ఒకేలా ఉబ్బింది, అది గాలిని సరిగ్గా లాగదు. హబ్ రంధ్రాలు అర అంగుళం లోతుకే ఆగిపోయాయి. నిజంగా ఇంజన్‌కి బిగించిన ప్రొపెల్లర్‌కి బోల్టులు ఈ ముఖం నుంచి ఆ ముఖానికి దాటిపోతాయి, ముందూ వెనకా లోహపు పళ్లేలు బిగించడం వల్ల చెక్క మీద గుండ్రటి అచ్చు దిగబడి ఉంటుంది. బోల్టులు వదులైనప్పుడు చెక్క రాసుకుని మాడిన మచ్చలు కూడా పడతాయి. ఆ అచ్చు నకిలీల్లో సాధారణంగా కనపడదు. మీది గోడ అలంకారానికి చేసిన వస్తువు. ఆ కాల్చి రాసిన సంవత్సరం కూడా అనుమానించాల్సిందే, అసలువాటిలో అంత పెద్ద అక్షరాలతో కథ చెప్పినట్టు రాయరు, డ్రాయింగ్ నంబరూ కొలతలే గుద్దుతారు. అమ్మినప్పటి ప్రకటన, రసీదు ఉంటే వినియోగదారుల ఫోరంలో ఫిర్యాదు చేయండి, ప్లస్ స్క్రూల ఫోటో ఒక్కటి చాలు.

తణుకు_ఫిజిక్స్:
రాజోలు గారూ, నేను ఫిజిక్స్ చెబుతాను. మీ దగ్గర ప్రొపెల్లర్ పిచ్ తెలుసుకోవచ్చు, పెద్ద సామాను అక్కర్లేదు. పిచ్ అంటే ప్రొపెల్లర్ ఒక్క చుట్టు తిరిగితే, మరమేకు చెక్కలోకి దిగినట్టు గాలిలో ఎంత ముందుకి పోవాలో ఆ దూరం. హబ్‌ని సమంగా ఉన్న బల్ల మీద పడుకోబెట్టండి. నడిమి నుంచి కొస దాకా ఉన్న దూరంలో ముప్పావు వంతు దగ్గర సుద్దతో చిన్న గీత గీయండి. అక్కడ రెక్క చదును వైపు, అంచులకి అడ్డంగా మొబైల్ ఆనించి, కోణం కొలిచే యాప్‌లో డిగ్రీలు చూడండి. రెండు రెక్కలకీ చూసి చెప్పండి.

గాలిమర_రాజమండ్రి:
ఇది చాలా మంచి పని. అలాగే తిరిగే దిక్కు కూడా చూడండి. ప్రొపెల్లర్‌ని అడ్డంగా పెట్టి ఉబ్బెత్తు వైపు మీకు ఎదురుగా ఉంచుకోండి. మీ కుడి చేతి వైపు రెక్కకి మందపాటి అంచు పైన ఉందా, కింద ఉందా? పైన ఉంటే అది పైలట్ సీట్లోంచి చూసినప్పుడు గడియారం ముల్లు తిరిగే దిక్కున తిరుగుతుంది, కింద ఉంటే దానికి ఎదురు దిక్కు. దీనితో సగం ఇంజన్లు జాబితాలోంచి పోతాయి.

యానాం_గౌతమి:
నాది వేరే సందేహం. మా దగ్గర ఫ్రెంచి వాళ్లు వదిలి వెళ్లిన సామాన్లు ఉన్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఫ్రెంచి ప్రొపెల్లర్ అయితే ఎలా తెలుస్తుంది?

గాలిమర_రాజమండ్రి:
ఫ్రెంచిలో పేరున్నది షోవియేర్, వాళ్ల బ్రాండు ఇంటెగ్రాల్. 1909 జులై 25న బ్లెరియో ఇంగ్లిష్ ఛానల్ దాటింది ఆ ప్రొపెల్లర్‌తోనే. ఎక్కువగా వాల్‌నట్ చెక్క, రెక్క మీద కంపెనీ బొమ్మ అంటించేవారు. ఎక్లేర్ అనే ఇంకో బ్రాండు ఉంది, దాన్ని రూపొందించిన మార్సెల్ బ్లాక్ తర్వాత మార్సెల్ దస్సో అయ్యాడు, మన రఫేల్ విమానాల కంపెనీ ఆయనదే. జర్మన్‌వి గరుడ, ఆక్సియల్, వోల్ఫ్, హైనె లాంటివి. గరుడ బెర్లిన్ కంపెనీ. వాళ్లవాటిలో చాలావరకు ఒక పొర ముదురు చెక్క, ఒక పొర లేత చెక్క మార్చి మార్చి అతికిస్తారు, చారల చారలుగా దూరం నుంచే కనపడుతుంది. వాటి మీద అశ్వశక్తికి పిఎస్ అనీ, పిచ్‌కి ఎస్‌టి అనీ ఉంటుంది. బ్రిటిష్‌వాటిలో వ్యాసానికి డి, పిచ్‌కి పి, ఇంజన్ పేరు, హెచ్‌పి, కుడి తిరుగుడుకి ఆర్‌హెచ్, ఎడమకి ఎల్‌హెచ్. నంబరు ముందు టి ఉంటే ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఫ్యాక్టరీ డిజైన్ అయ్యే అవకాశం ఎక్కువ. ఎ.ఐ.డి. అని చిన్న ముద్ర ఉంటే అది తనిఖీ శాఖది. అమెరికన్‌వి అంగుళాల్లో ఉంటాయి, సెన్సెనిచ్ వాళ్లది 72సి42 అంటే 72 అంగుళాల వ్యాసం, 42 అంగుళాల పిచ్. ఆ కంపెనీయే 1932లో మొదలైంది, కాబట్టి ఆ పేరుంటే అంతకుముందుది కాదు. ఇలా కంపెనీ పుట్టిన ఏడాది, ఇంజన్ పుట్టిన ఏడాది పట్టుకునే మనం కాలం తేల్చేది, చెక్క నల్లబడిందా లేదా అన్నది చూసి కాదు.

కాకినాడ_రేవు:
మా మేనమామ షెడ్డులో కూడా ఒకటి ఉంది, ఫోటో పెట్టాను. మూడు రెక్కలు, చెక్కే, మొత్తం వెడల్పు రెండున్నర అడుగులు, ఎర్ర రంగు వేసి ఉంది. రెక్కలు మాత్రం పొట్టిగా, ఆకుల్లా వెడల్పుగా ఉన్నాయి. ఇది ఏ విమానం?

పాలకొల్లు_చెక్కపని:
ఇది విమానానిది కాదండి. ఇది పోతపోసేవాళ్ల ప్యాటర్ను. లాంచీకో పడవకో వేసే ఇత్తడి ప్రొపెల్లర్ పోయడానికి ముందు ఇలాంటి చెక్క నమూనా చేసి, ఇసుకలో అచ్చు తీసి, ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. లోహం చల్లారితే కుంచించుకుపోతుంది కాబట్టి నమూనా కాస్త పెద్దగా చేస్తారు. మూలల్లో మైనమో లప్పమో పెట్టి నున్నగా గుండ్రం చేశారు చూడండి, ఇసుక విరగకుండా ఉండటానికి. చాలా నైపుణ్యం ఉన్న పని అది, ఆ చేసినాయన్ని చూడాలని ఉంది. మీ మేనమామగారిని ఏ ఫౌండ్రీదో అడగండి, ఆ చెక్క మీద కూడా లెక్కలు రాసి ఉంటాయి.

రాజోలు_లంక:
అందరికీ ధన్యవాదాలు. మీరు చెప్పినవన్నీ చేశాను. తోమడం గీమడం అన్నీ ఆపించాను, మా అమ్మకి గాలిమర గారి మాటలు చదివి వినిపించాను.

గడియారం విప్పాం. దాని కింద హబ్ ముఖం మీద గుండ్రంగా చెక్క దిగబడిన అచ్చు స్పష్టంగా ఉంది, ఒక పక్క మాడినట్టు నల్ల మచ్చ. ఎనిమిది రంధ్రాలూ ఆ చివరికి దాటాయి. పొరలు లెక్కపెట్టాను, ఆరు, అన్నీ ఒకే రంగు చెక్క, ఒక్కోటి అంగుళం లోపు. ఉబ్బెత్తు వైపు ఎదురుగా పెట్టి చూస్తే కుడి చేతి రెక్కకి మందం అంచు కింద ఉంది. కోణం ఒక రెక్కకి 17 డిగ్రీలు, రెండో దానికి కూడా 17, ఎక్కడో ఒకచోట అర డిగ్రీ తేడా. రెండు కొసల్లోనూ రేకుకి గుండుసూది పట్టేంత సన్నటి రంధ్రాలు మూడేసి ఉన్నాయి.

పెన్సిల్‌తో రుద్దితే హబ్ పక్కన కొన్ని అక్షరాలు వచ్చాయి. ఒక వరుసలో మొదటి అక్షరం అరిగిపోయి ‘ఇప్సీ మేజ’ దాకా చదవగలిగాం. దాని పక్కన ఎల్‌హెచ్. ఇంకో వరుస డ్రాయింగ్ నంబరనుకుంటా, ముందు డిహెచ్ ఉంది, తర్వాతి అంకెల మీద ఎప్పుడో మేకు కొట్టారు. ఒక చిన్న గుండ్రటి ముద్ర కూడా ఉంది, లోపల ఏముందో తెలియట్లేదు.

ఇంకో సంగతి మా పెదనాన్న చెప్పారు. ఇది ముందు సావిట్లో గోడకి నిలువుగా ఆనించి ఉండేదట. 86 వరదల్లో సావిట్లోకి నీళ్లొచ్చి కింది రెక్క మూరెడు పైనే మునిగిందట, అప్పుడే అటకెక్కించారు. ఆ గీత ఇప్పటికీ ఉంది, దాని కింద వార్నిష్ తెల్లబారింది.

గాలిమర_రాజమండ్రి:
చాలా బాగా చూశారు బాబూ. అది గిప్సీ మేజర్, ఇంజన్ పేరు. డిహెచ్ అంటే డి హావిలాండ్, ఆ ఇంజన్ చేసిన బ్రిటిష్ విమానాల కంపెనీ. దిక్కు కూడా సరిపోయింది, గిప్సీ మేజర్ పైలట్ వైపు నుంచి చూస్తే గడియారం ముల్లుకి ఎదురు దిక్కున తిరుగుతుంది, ఎల్‌హెచ్ అన్నది అదే.

ఈ ఇంజన్ 1932లో వచ్చింది, 130 అశ్వశక్తి, నాలుగు సిలిండర్లు తలకిందులుగా ఉంటాయి. కాబట్టి మీ ప్రొపెల్లర్ అంతకన్నా పాతది కాదు. టైగర్ మాత్ మొదటిసారి ఎగిరింది 1931 అక్టోబర్ 26న, అప్పుడు దానికి గిప్సీ 3 ఇంజన్, తర్వాతి డిహెచ్82ఎ రకానికే గిప్సీ మేజర్. ఆ రకమే మన దేశంలో వైమానిక దళం శిక్షణలోనూ, ఫ్లయింగ్ క్లబ్బుల్లోనూ ఏళ్ల తరబడి తిరిగింది. గిప్సీ మేజర్ వేరే విమానాలకీ పెట్టారు, లెపర్డ్ మాత్, ఫాక్స్ మాత్‌లలో కొన్ని, చిప్‌మంక్, ఇలా. మీ కొలత ఆరున్నర అడుగులకి దగ్గరగా ఉంది, టైగర్ మాత్ కొలత కూడా ఆ చుట్టుపక్కలే. డ్రాయింగ్ నంబరు పూర్తిగా దొరికితే ఏ విమానమో గట్టిగా చెప్పొచ్చు, ప్రస్తుతానికి టైగర్ మాత్ వైపే మొగ్గు.

ఆ సన్నటి రంధ్రాలు తప్పు కాదు, కావాలని పెట్టినవే. రేకు కింద చేరిన తడి, ప్రొపెల్లర్ తిరిగినప్పుడు ఆ వేగానికి కొసల్లోంచి బయటికి చిమ్మేస్తుంది. అవి లేకపోతే నీరు ఒక కొసలో నిలిచి ప్రొపెల్లర్ బరువు ఒక పక్కకి లాగుతుంది, ఇంజన్ వణుకుతుంది. రేకు పెట్టింది వాన చినుకుల నుంచీ గడ్డి, గులకరాళ్ల నుంచీ కాపాడటానికి, ఆ వేగంలో వాన కూడా చెక్కని కొరికేస్తుంది.

తణుకు_ఫిజిక్స్:
లెక్క వేశాను. వ్యాసం 6 అడుగుల 5 అంగుళాలంటే సుమారు 196 సెంటీమీటర్లు, సగం 98, దానిలో ముప్పావు వంతు 73.5. ఆ చోటు ఒక చుట్టులో గీసే వృత్తం 2 పై ఆర్, అంటే 462 సెంటీమీటర్లు. దీన్ని టాన్ 17, అంటే 0.306తో గుణిస్తే 141 సెంటీమీటర్లు. ఒక చుట్టుకి సుమారు 1.4 మీటర్లు ముందుకి. ఇంజన్ నిమిషానికి 2000 చుట్లు తిరిగితే 2800 మీటర్ల పైచిలుకు, గంటకి దాదాపు 170 కిలోమీటర్లు. గాలి జారుతుంది కాబట్టి అసలు వేగం ఇంకా తక్కువ. టైగర్ మాత్ గరిష్ఠ వేగం సుమారు 175. ఫుల్ థ్రాటిల్‌లో చుట్లు పెరిగితే అక్కడికి చేరుతుంది. యుద్ధ విమానం అయితే పిచ్ ఇంత చిన్నగా ఉండదు. అక్షరాలు ఒకటి చెబుతూ కోణం ఇంకోటి చెబితే అనుమానించాలి గానీ ఇక్కడ రెండూ ఒకే మాట చెబుతున్నాయి.

పాలకొల్లు_చెక్కపని:
ఆ వరద గీత గురించి నాదో మాట. బోల్టు రంధ్రాల లోపల వార్నిష్ ఉండదు, అక్కడ టార్చి వేసి చెక్క అసలు రంగు చూడమని ఫోన్‌లో చెప్పాను, రాజోలు తమ్ముడు ఫోటో పంపాడు. ఎర్రటి గోధుమ రంగు మీద పొట్టి పొట్టి నల్ల గీతల్లా రంధ్రాలు, అది మహాగని. టేకు కాదు, టేకుకి జిడ్డు ఉంటుంది, బంక సరిగ్గా పట్టదు, పైగా బరువు. వాల్‌నట్ అయితే చాక్లెట్ రంగులో ముదురు చారలు వస్తాయి. ఓక్, యాష్ అయితే గీతలు లోతుగా చేతికి తగులుతాయి.

ఇక బంక. పాతకాలంలో తోళ్లూ ఎముకలూ కాచి తీసే బంకతో అతికేవారు. దానికి వేడి తడి తగిలితే మెత్తబడి పొరలు విడిపోతాయి, మన కోనసీమ ఉక్కకే విడిపోయిన కుర్చీలు ఎన్నో బాగు చేశాను. ఈ ప్రొపెల్లర్ వరద నీళ్లలో నిలబడింది, అయినా మునిగిన రెక్కలో ఒక్క అతుకూ నోరు తెరవలేదు. అంటే తడికి నిలిచే బంక, తర్వాతి కాలానిది. ఇది ఒక్కటే రుజువు అనను, ఎంతసేపు నానిందో మనకి తెలీదు కదా. కానీ గాలిమర గారు చెప్పిన కాలానికి ఎదురు చెప్పడం లేదు.

భీమవరం_ఎర్రకాలువ:
రాజోలు గారూ, అది మీరు అమ్మే ఉద్దేశం ఉంటే చెప్పండి, మంచి ధర ఇస్తాను. విదేశాల్లో వీటికి ఇంకా ఎక్కువ వస్తుందని కూడా విన్నాను.

గాలిమర_రాజమండ్రి:
విదేశాలకి అమ్మే మాట వచ్చింది కాబట్టి అందరికీ చెబుతున్నా. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన ఇలాంటి వస్తువు పురావస్తువు కిందికి రావచ్చు, అప్పుడు ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించకూడదు. అందుకే కాలం తేల్చడం ఊసుపోక చేసే పని కాదు. గిప్సీ మేజర్‌ది కాబట్టి దీనికి ఇంకా నూరేళ్లు నిండలేదు. అదే 1919లో వచ్చిన ఆవ్రోదో డిహెచ్9దో అయితే ముందు పురావస్తు శాఖని అడిగి తీరాలి.

రాజోలు_లంక:
అమ్మే ఉద్దేశం లేదండి, ఏమనుకోకండి. పెదనాన్నని మళ్లీ కూర్చోబెట్టి అడిగాం. చిన తాతయ్య మద్రాసులో ‘విమానాల క్లబ్బులో వడ్రంగం’ చేసేవారని ఆయనకి లీలగా గుర్తుంది. తాతయ్య ఉలులు, బాడిస మా ఇంట్లోనే ఉన్నాయి. గడియారం కూడా ఆయనే పెట్టి ఉంటారా?

గాలిమర_రాజమండ్రి:
ఆయనే పెట్టి ఉండొచ్చు, క్లబ్బులో ఎవరైనా పెట్టి బహుమతిగా ఇచ్చి ఉండొచ్చు. పనికిరాని ప్రొపెల్లర్ల నడుమ గడియారం పెట్టడం క్లబ్బుల్లో, ఆఫీసర్ల మెస్సుల్లో మామూలే. మీ ప్రొపెల్లర్ కొసన రేకు లేచి చెక్క చీలిందన్నారు, దిగేటప్పుడు నేలకి తగిలితే పడే దెబ్బ అలాగే ఉంటుంది. అలాంటిదాన్ని మళ్లీ ఎగరడానికి ఒప్పుకోరు, పక్కన పడేస్తారు. అలా పడేసినదాన్ని ఆ వర్క్‌షాపులో పని చేసిన మనిషి ఇంటికి తెచ్చుకున్నారనడంలో వింతేమీ లేదు. ఆయన పాత కాగితాలు, సర్వీసు సర్టిఫికెట్, గ్రూపు ఫోటోలు ఏమైనా ఉంటే ట్రంకు పెట్టెల్లో వెతకండి. క్లబ్బు పేరున్న కాగితం ఒక్కటి దొరికినా ఆ కథకి ఆధారం దొరికినట్టే. నాయనమ్మగారు చెప్పిందీ పెదనాన్నగారు చెప్పిందీ రెండూ రాసి పెట్టండి, ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో సహా.

ఆ మేకు కొట్టిన నంబరు మీద ఇంకోసారి ప్రయత్నం చేయండి. మేకు పీకకండి. దాని చుట్టూ టార్చిని నాలుగు దిక్కుల నుంచి పట్టి నాలుగు ఫోటోలు తీసి, ఫోన్‌లో రంగు తీసేసి నలుపు తెలుపు చేసి ఇక్కడ పెట్టండి.

రాజోలు_లంక:
పెట్టాను. డిహెచ్ తర్వాత మొదటి అంకె 5, చివరిది 0లా ఉంది. మధ్యలోవి మేకు కిందే ఉన్నాయి.

గోడకి ఎలా పెట్టాలి? చెద పట్టకుండా ఏం రాయాలి?

పాలకొల్లు_చెక్కపని:
నిలువుగా పెట్టొద్దు తమ్ముడూ, తడి అంతా కింది రెక్కకి దిగుతుంది. అడ్డంగా పెట్టు. కొసల దగ్గర మేకులు కొట్టి వేలాడదీయొద్దు, బరువంతా హబ్ మీదే ఆనాలి. గోడ నుంచి రెండంగుళాలు దూరంగా ఉండేలా చెక్క ముక్క పెట్టి, దాని నుంచి ఒక కర్ర గూటం నడిమి రంధ్రంలోకి వచ్చేలా చేద్దాం, అసలు ప్రొపెల్లర్‌కి ఒక్క కొత్త రంధ్రం కూడా పడదు. పడమటి గోడ వద్దు, సాయంత్రం ఎండ పడుతుంది. వంటింటి పక్క గోడా వద్దు. ఏసీ గాలి నేరుగా తగలకూడదు, అన్నేళ్లు ఉక్కలో ఉన్న చెక్క ఒక్కసారిగా ఎండితే పగులుతుంది. వార్నిష్ అలాగే ఉంచు, తెల్లబారిన చోట కూడా. చెదకి ప్రొపెల్లర్‌కి ఏమీ రాయొద్దు, వెనక పెట్టే చెక్కకీ గోడకీ మందు కొట్టించు. పుచ్చు పొడి ఎక్కడైనా రాలుతోందా అని నెలకోసారి కింద తెల్లకాగితం పరిచి చూసుకో.

లేచిన రేకు కింద దుమ్ము పట్టింది కదా, దాన్ని ఊదడం తప్ప ఏమీ చేయకు. రివిట్లు పీకి మళ్లీ కొట్టే పని పెట్టుకోవద్దు, అవి ఆ రోజు కొట్టినవే. శనివారం నాకు రాజోలు వైపు పనుంది, కొలతలు తీసుకుని గూటం నేనే చేసి తెస్తాను. తాతగారి ఉలులు కూడా బయటికి తీసి ఉంచు, చూస్తాను.